ఎడమ కాలి బూటు

పోయిన వారం ఆస్పత్రి వరండాలో ఆగాం, గుర్తుంది కదా. రిటైరైన బస్సు డ్రైవరు ఇంటి మెట్ల మీద, పొద్దున్నే, ఆయన వ్యాయామం జోడీ అయిన పెద్ద టీచరు జారిపడింది. తుంటి ఎముక విరిగింది. మెట్లు తడిగా ఉండబట్టి జారిందనుకున్నారు అందరూ. కానీ నర్సు తీసి ఇచ్చిన ఎడమ కాలి బూటును, వ్యాయామం క్లాసు నడిపే కోచమ్మ తిరగేసి, అడుగున గోటితో గీరింది. గోట్లోకి తెల్లగా మైనం వచ్చింది.

మైనం దానంతటది నడిచొచ్చి బూటుకు అంటుకోదు.

ఆ ముక్క ఇంకా కోచమ్మ గోరు మీద ఉండగానే పెద్ద టీచరు కొడుకు వచ్చాడు. వృత్తికి వకీలు. నల్లకోటు విప్పి చేతి మీద వేసుకున్నాడు. ముందు లోపలికి వెళ్ళి తల్లిని చూశాడు, తర్వాత డాక్టరుతో మాట్లాడాడు. సాయంత్రానికి ఆపరేషన్ అన్నారు. ఈ వయసులో తుంటి విరిగితే మనిషి మళ్ళీ లేచి నడుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరన్నారు. అవన్నీ విని బయటికొచ్చి, కోచమ్మ చేతిలోంచి బూటు తీసుకుని, బోనులో సాక్షిని అడిగినంత నెమ్మదిగా అడిగాడు, అసలు ఈ బూట్ల గొడవేమిటని.

కోచమ్మ చెప్పింది. దాచడానికేముంది?

ఆమె ఆ వీధుల్లో వ్యాయామం క్లాసు పెట్టిన కొత్తలో ఇల్లిల్లూ తిరిగింది. అరవై దాటి, కుర్చీకీ మంచానికీ మధ్య తప్ప ఇంకెక్కడా కనిపించని వాళ్ళందరినీ పేరుపేరునా పిలిచింది. అందరూ తలూపారు. అందరూ 'రేపట్నుంచి' అన్నారు. ఆ రేపు ఏ క్యాలెండరులోనూ లేదు. ఒకాయన తన మోకాళ్ళ మీద ఒట్టేసి మరీ వస్తానన్నాడు. ఆ మోకాళ్ళు హాలు గుమ్మం తొక్కనే లేదు. అప్పుడామెకు ఒక సంగతి అర్థమైంది. మనిషి తనకు తాను ఇచ్చుకున్న మాట తప్పడానికి సిగ్గుపడడు. ఎదుటి మనిషి ఒంటికాలి బూటు పట్టుకుని గుమ్మంలో నిలబడితే మాత్రం సిగ్గుపడి చస్తాడు.

అందుకని అందరిచేతా ఒకే రకం నీలం బూట్లు కొనిపించింది. ఇద్దరిద్దరిని జోడీ కట్టింది. ఎవరి ఎడమ కాలి బూటు వాళ్ళింట్లో ఉండకూడదు, జోడీ ఇంట్లో ఉండాలి. పొద్దున్నే ఒకరు చెప్పులేసుకుని, తన కుడి బూటూ, అవతలి మనిషి ఎడమ బూటూ సంచిలో పెట్టుకుని రెండో వాళ్ళింటికి వెళ్ళాలి. అక్కడ ఎవరిది వాళ్ళు తొడుక్కుని ఇద్దరూ కలిసి హాలుకు నడవాలి. ఒకరు బద్ధకిస్తే ఇద్దరూ ఆగిపోతారు. మొదట విన్నవాళ్ళంతా నవ్వారు. తర్వాత నడిచారు.

వకీలు అంతా విన్నాడు. నవ్వలేదు.

"అంటే మా అమ్మ బూటు రాత్రంతా ఈయన ఇంట్లో ఉంది," అన్నాడు.

వరండాలో ఉన్న కళ్ళన్నీ డ్రైవరు మీదికి తిరిగాయి.

భయం రావలసిన చోటు అది. రాలేదు. డ్రైవరు బెంచీ మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ మాట ఎవరినో అన్నట్టు, తనను కాదన్నట్టు విన్నాడు. భార్య పోయినప్పటి నుంచీ ఆయనకు అంతా అలాగే వినిపిస్తోంది, పక్కింటి రేడియోలా. కాలు మీద కాలేసుకుని చాలాసేపు కూర్చుంటే తిమ్మిరెక్కుతుంది చూడండి, గిల్లినా తెలియదు. ఆయనకు ఆ తిమ్మిరి కాలికి కాదు, మొత్తం మనిషికే ఎక్కింది. జీవితమంతా స్టీరింగు ముందు కూర్చుని ఊళ్ళన్నీ చూసినవాడు, ఆవిడ పోయాక కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఒకే వీధిని చూస్తూ ఉండిపోయాడు.

ఆ కిటికీ కూడా మొదట్లో బిగుసుకుపోయి ఉండేది. ఆయన తోడు కోసం వచ్చిన అక్క కొవ్వొత్తి ముక్క పెట్టి దాని గాడి అంతా రుద్దింది. అప్పట్నుంచీ వేలితో తోస్తే వెన్నలా జరుగుతుంది. గాలి కావాలంటే ఆయన లేవనక్కర్లేదు. కాఫీ కావాలన్నా లేవనక్కర్లేదు. అక్క ఆయన్ని కాలు కింద పెట్టనిచ్చేది కాదు. చిన్నప్పుడు తల్లి పోతే ఎత్తుకుని పెంచింది, ముసలితనంలో మళ్ళీ ఎత్తుకుంది, అంతే తేడా.

"సాయంత్రం ఆపరేషన్ కాగానే నేను స్టేషనుకు వెళ్తాను," అన్నాడు వకీలు. ఫిర్యాదు కోచమ్మ మీదేనట. పెద్దవాళ్ళను అదుపులో పెట్టుకుని, ఒకరి బూట్లు ఒకరింట్లో పెట్టించి, ప్రాణాలతో ఆడుకుందని రాస్తాడట. హాలుకు తాళం పడుతుంది. ఆ తర్వాత ఆమెను ఏ హాలూ రానివ్వదు. ఒకవేళ మైనం రాసింది ఇంకెవరైనా అయితే, అది ఈలోపు తేలాలి. మధ్యాహ్నం హాలుకు వస్తాను, అందర్నీ అక్కడే అడుగుతాను అన్నాడు.

కోచమ్మ ముఖం గోడ సున్నంలా అయిపోయింది. డ్రైవరు ఆ ముఖం చూశాడు. ఏమైనా అనాలని తెలుసు. ఏమీ తోచలేదు.

లేచి నడవబోతే నున్నటి గచ్చు మీద కుడికాలు సర్రున ముందుకు పోయింది. కోచమ్మ రెక్క పట్టుకుని ఆపింది. కాళ్ళు వణుకుతున్నట్టున్నాయి, మెల్లగా నడవండి అంది. వణుకే అనుకున్నాడు ఆయనా. గుమ్మం దగ్గర మళ్ళీ జారింది. ముసలి కాళ్ళు, పొద్దున్నించీ తిండి లేదు, జారక ఏం చేస్తాయి అనుకున్నాడు.

*

హాలు ఎప్పటిలాగే ఉంది. గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలు, కిటికీ అరుగు మీద ఇసుక నింపిన నీళ్ళ సీసాలు. ఒక గోడ మీద భుజాల ఎత్తున అరచేతుల మరకలు వరసగా ఉన్నాయి. గోడను తోసే వ్యాయామం చేసి చేసి పడ్డవి. సున్నం వేయిస్తామని హాలు కార్యదర్శి అంటే పెద్ద టీచరు వద్దంది. పిల్లలకు హాజరు పట్టీ ఎలాగో మనకు ఈ గోడ అలాగ, ఉండనివ్వండి అంది. ఆవిడ చేతుల మరక చివర్న, అందరికంటే ఎత్తుగా ఉంది. ఆవిడ పొడగరి. డ్రైవరు పొట్టివాడైనా పాదాలు పెద్దవి. ఇద్దరిదీ ఒకే సైజు బూటు. బూట్లు కొన్న రోజున 'రేడియో' దాని మీద పగలంతా జోకులు వేశాడు.

రేడియో అంటే ఒకప్పుడు కరెంటాఫీసులో పనిచేసిన ముసలాయన. నోరు మూతపడదు కాబట్టి ఆ పేరు. 'కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు, మరి మన పొట్టలెందుకు కరగవు' అని మొదటి రోజు క్లాసులో అడిగింది ఆయనే.

ఇవాళ ఆయన జోకు వేయలేదు. వకీలు అడగ్గానే, గొంతు సవరించుకుని, నిన్న జరిగింది చెప్పేశాడు. నిన్న క్లాసు అయ్యాక డ్రైవరూ పెద్ద టీచరూ గొడవపడ్డారు. అందరూ విన్నారు. రేపట్నుంచి నేను రాను, మీ బూటు ఇంక మా ఇంటికి పంపొద్దు అన్నాడు డ్రైవరు. బూటు ఉన్నంతకాలం వస్తాను, చేతనైతే ఆపండి అంది ఆవిడ.

"నేను ఉన్నమాటే చెప్పానండీ," అన్నాడు రేడియో, డ్రైవరు వైపు చూడకుండా. "దీనర్థం ఇదీ అని నేననలేదు."

అర్థం చెప్పనక్కర్లేదు. అందరూ నిల్చునే ఉన్నారు. డ్రైవరును మాత్రం ఎవరో కుర్చీలో కూర్చోబెట్టారు. చుట్టూ చోటు ఖాళీగా వదిలారు.

గొడవ నిజమే. దాని వెనక సంగతి మాత్రం ఆయనకూ ఆవిడకూ తప్ప ఎవరికీ తెలియదు. మొదట్లో ఆయన ఒప్పుకున్నది చాలా చిన్న పని. టీవీలో ప్రకటన వచ్చినప్పుడల్లా కుర్చీలోంచి లేచి నిలబడాలి, అంతే. 'సీరియల్ మీరు కూర్చునే చూడండి, సబ్బుకు మాత్రం లేవండి' అంది పెద్ద టీచరు. సబ్బులకూ నూనెలకూ లేచి లేచి, కొన్నాళ్ళకు చేతులు ఆనించకుండా లేవడం వచ్చింది. తర్వాత వీధి చివరిదాకా నడక. తర్వాత హాలు. మొన్న ఎవరూ చెప్పకుండానే డాబా మెట్లెక్కాడు. పైన భార్య పెంచిన కుండీలున్నాయి. మట్టి ఎండి బీటలు తీసింది. ఆవిడ పోయాక ఆయన ఆ పైకి వెళ్ళడం అదే మొదలు. అక్కడ నిలబడ్డాక గుండెలో ఏదో సూదులు గుచ్చినట్టయింది. తిమ్మిరి వదిలేటప్పుడు కాలికి అవుతుందే, అలాగ. కిందికి దిగి కుర్చీలో పడి, మళ్ళీ ఏమీ తెలియకుండా పోయేదాకా కదల్లేదు.

కాళ్ళు కదిలితే మిగతావన్నీ కదులుతున్నాయి, నాకొద్దు అన్నాడు నిన్న ఆవిడతో. కదలనివ్వండి, ఎన్నాళ్ళు తొక్కిపెడతారు అంది ఆవిడ. అక్కడ రేగింది గొడవ.

పొద్దున ఆవిడ అన్నమాట ప్రకారం వచ్చింది. ఆయన కోపంగా లేసులు కావాలనే మెల్లగా కట్టుకుంటున్నాడు. 'నేను కిందుంటాను, మీరు లేసుతోపాటు ఆ మూతి ముడుపు కూడా కట్టుకుని దిగండి' అని, నవ్వుతూ తలుపు దాటింది. తర్వాత చప్పుడు.

ఇదంతా వకీలుకు చెప్పొచ్చు. నోరు తెరవాలంటే బరువుగా ఉంది.

అప్పుడే డ్రైవరు కోడలు వచ్చింది. మందుల షాపులో కౌంటరు దగ్గర నిలబడే ఉద్యోగం. యూనిఫాం కోటు మీదే పరుగెత్తుకొచ్చింది. డ్రైవరు కొడుకు పని మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. ఆ ఇంట్లో ఇప్పుడున్నది డ్రైవరు, కోడలు, అక్క, ముగ్గురే. వకీలు ఆమెను వదల్లేదు. పొద్దున తలుపు తీసిందెవరు? నేనే. షెల్ఫులోంచి మా అమ్మకు బూటు తీసిచ్చిందెవరు? నేనేనండీ. ఇవ్వడానికి ముందు అడుగు చూశారా? ఎవరు చూస్తారండీ బూటు అడుగు.

"మావయ్యకు తెలుసు," అంది కోడలు. "నేనెందుకు చేస్తానండీ. నడక మొదలెట్టాకే ఆయన మాకు మళ్ళీ మనిషయ్యారు."

అంతలో గుమ్మంలో క్యారియరు గిన్నెల చప్పుడైంది. డ్రైవరు అక్క.

ఆమె హాలులోకి రావడం అదే మొదటిసారి. ఈ క్లాసంటే ఆమెకు గిట్టదు. పెద్ద టీచరు గుమ్మంలో కనిపిస్తే చాలు, లోపలికెళ్ళి గిన్నెలు ఎత్తెత్తి పడేసేది. ఆ బూట్ల సంగతి నా దగ్గర ఎత్తొద్దని తమ్ముడికి ముందే చెప్పేసింది. ఆమె కోపానికి కారణం ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తండ్రి, డాక్టరు నడవమన్నాడని నడకకు వెళ్ళి, రోడ్డు మీదే కూలిపోయాడు. ఆ కబురు ఎవరో వచ్చి ఇంటి గుమ్మంలో ముందు చెప్పింది ఆమెకే. అప్పటికి తమ్ముడు ఇంకా లాగూ వేసుకునే వయసు. అప్పట్నుంచీ ఆమె లెక్కలో రోడ్డు అనేది మనుషుల్ని మింగేది. కూర్చున్నవాణ్ణి ఏదీ ఏమీ చేయదు.

ఆమె ఎవర్నీ పలకరించలేదు. నేరుగా తమ్ముడి దగ్గరికొచ్చి, సంచిలోంచి శాలువా తీసి భుజాల చుట్టూ కప్పింది. మాత్రల డబ్బా తీసి చేతిలో పెట్టింది. నుదురు తడిమి చూసింది.

"లేవకు. కూర్చో," అంది. "తిన్నాక ఇంటికి పోదాం. ఇంక ఈ గంతులు చాలు."

ఎవరు ఈమె అన్నట్టు చూశాడు వకీలు. కోచమ్మ చెప్పింది. ఆయన ఆమెనూ అడిగాడు, బూటు విషయం మీకేమైనా తెలుసా అని. నాకేం తెలుసు బాబూ అంది ఆమె. వంటిల్లు తప్ప నాకింకేం పట్టింది. ఆ షెల్ఫు సర్దేది, తుడిచేది అంతా మా కోడలు పిల్లే. ఏం తుడిచిందో, దేంతో తుడిచిందో ఆ పిల్లనే అడగండి.

మెత్తగా అంది. కత్తి మెత్తగా దిగినట్టు దిగింది. వకీలు మళ్ళీ కోడలి వైపు తిరిగాడు. కోడలు ఆమెను చూసింది, తర్వాత డ్రైవరును చూసింది. కళ్ళల్లో నీళ్ళు లేవు, ఆశ్చర్యం మాత్రం ఉంది.

ఇప్పుడైనా మాట్లాడాలని డ్రైవరుకు అనిపించింది. అనిపించడమే ఆయనకు వింతగా ఉంది. కూర్చుని చెప్పే మాట కాదది. శాలువా పక్కకు తోశాడు. పాదాలు రెండూ నేలకు ఆనించి, చేతులు గుండెల మీద కట్టుకుని, ముందుకు వంగి లేవబోయాడు, కోచమ్మ మొదటి రోజున నేర్పినట్టు.

ఎడమ పాదం నేలను పట్టుకుంది. కుడి పాదం సర్రున జారిపోయింది. ఆయన మళ్ళీ కుర్చీలో పడ్డాడు.

"చెప్పానా," అంది అక్క. "నీ కాళ్ళల్లో ఏముందిరా ఇంకా."

ఆయన తన కాళ్ళ వంకే చూస్తున్నాడు. ఒకే మనిషి. ఒకే వయసు. ఒకే ఆకలి. వణుకైతే రెండు కాళ్ళకూ రావాలి. పొద్దున్నించీ మూడుసార్లూ కుడికాలే జారింది. ఎడమది ఒక్కసారీ జారలేదు.

బస్సు ఎందుకు ఒకవైపే లాగుతోందో సీట్లో కూర్చుంటే తెలియదు, దిగి చూడాలి. ఆయన వంగి కుడి బూటు లేసు విప్పాడు. తీసి తిరగేశాడు. గోటితో గీరాడు.

గోట్లోకి తెల్లగా మైనం వచ్చింది.

ముందు చూసింది కోచమ్మ. తర్వాత రేడియో మెడ చాచి చూశాడు. వకీలు వచ్చి ఆ బూటు అందుకుని, తన చేతిలో ఉన్న తల్లి బూటు పక్కన పెట్టాడు. రెండింటి అడుగులూ ఒకేలా మెరుస్తున్నాయి. గాడుల్లోకి ఒకేలా నిండి ఉంది మైనం. డ్రైవరు ఎడమ బూటు కూడా విప్పించి చూశాడు. అది రాత్రి పెద్ద టీచరు ఇంట్లో ఉంది. శుభ్రంగా, గరుగ్గా, మట్టి మట్టిగా ఉంది.

"మీ కుడి బూటుకు కూడా ఎందుకు రాశారు?" అన్నాడు వకీలు. అడుగుతుండగానే ఆయన గొంతు మారింది. ఆ ప్రశ్న ఎవర్ని అడగాలో ఆయనకు అప్పటికే తెలియడం లేదు.

డ్రైవరుకు మాత్రం ముడి వదులుతోంది. నిన్న సాయంత్రం తమ షెల్ఫులో ఏమున్నాయి? తన కుడి బూటు. పెద్ద టీచరు ఎడమ బూటు. పక్కపక్కన, నీలంగా, ఒకే సైజువి. తెలిసినవాడికి అవి ఇద్దరు మనుషుల బూట్లు. తెలియనివాడికి ఒక మనిషి జత. పెద్ద టీచరు మీద కోపంతో చేసినవాడైతే ఆవిడ బూటుకే రాస్తాడు. రెండింటికీ రాశారంటే, ఆ రెండూ ఒకరివే అనుకున్నారు. ఇంటి యజమానివి అనుకున్నారు.

ఈ హాలుకు క్లాసుకొచ్చే ప్రతి మనిషికీ ఆ మార్పిడి సంగతి తెలుసు. అందరి ఎడమ బూటూ పరాయింట్లోనే ఉంటుంది మరి. కొడుకు ఊళ్ళో లేడు. కోడలికి తెలుసు, కలిసిపోకుండా పెద్ద టీచరు బూటు నాలిక లోపల ఎర్ర దారం కుట్టింది ఆ పిల్లే. తెలియనిది ఒక్క మనిషికి. ఎందుకు తెలియదో కూడా ఆయనకు తెలుసు. పరాయి మనిషి బూటు ఇంట్లో పెట్టానంటే యాగీ చేస్తుందని మామా కోడళ్ళిద్దరూ కూడబలుక్కుని ఆమెకు చెప్పలేదు.

ఇంకొకటి గుర్తొచ్చింది. అక్క మెట్లు కడిగేది రోజూ ఆయన హాలుకు వెళ్ళిపోయాకనే. ఇవాళ మాత్రం ఆయన లేచేసరికే బయట చీపురు చప్పుడు వినిపించింది.

తిమ్మిరి వదులుతున్నట్టుంది. అరికాళ్ళ దగ్గర మొదలై సూదులు పైకి పాకుతున్నాయి. ఆగితే బాగుండుననిపించింది ఆయనకు. ఇప్పుడు నోరు మూసుకుంటే, శాలువా కప్పుకుని ఇంటికి వెళ్ళిపోవచ్చు. కిటికీ వెన్నలా జరుగుతుంది. కాఫీ చేతికొస్తుంది. కోచమ్మకు హాలు ఉండదు. కోడలికి పరువు ఉండదు. పెద్ద టీచరు ఏ మంచం మీదో పడి ఉంటుంది. ఆయనకు మాత్రం ఏమీ తెలియదు, మునుపటిలాగే.

"అక్కా," అన్నాడు.

"ఏంట్రా?"

"నిన్న సాయంత్రం మన షెల్ఫులో నీలం బూట్లు చూశావా?"

"చూడకేం. గుమ్మంలోనే తగలడ్డాయిగా."

"రెండూ ఉన్నాయా?"

"జత అంటే రెండుండవూ?"

"ఎవరివక్కా అవి?"

ఆమె క్యారియరు మూత తీస్తూ విసుగ్గా చూసింది. "ఎవరివేంట్రా? మనింట్లో ఆ గుదిబండలు ఇంకెవరికున్నాయి? రెండూ నీవే."

హాలులో ఒక్కరు కూడా కదల్లేదు. కోచమ్మ నెమ్మదిగా గోడకు ఆనుకుంది, సరిగ్గా పెద్ద టీచరు అరచేతుల మరకల కింద. కోడలు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

అందరూ ఎందుకు ఆగిపోయారో అక్కకు అర్థం కాలేదు. ఆమె ఒక్కొక్కరి ముఖమే చూస్తూ వచ్చింది. చివరికి వకీలు చేతుల్లో ఉన్న రెండు బూట్ల దగ్గర ఆమె చూపు ఆగింది. ఒకటి తమ్ముడి కాలి నుంచి తీసింది. రెండోది ఆస్పత్రి నుంచి వచ్చింది. దాని నాలిక లోపల ఎర్రగా చిన్న దారం కుట్టు. ఆమె చేతిలో క్యారియరు గిన్నె ఒరిగింది. పులుసు బొట్లు బొట్లుగా నేల మీద పడింది.

"తమ్ముడూ, ఇంటికి పోదాం పద," అంది. గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

వకీలు డ్రైవరు ముందుకొచ్చి నిలబడ్డాడు. ఇప్పుడు ఆయనకూ తెలుసు. అయినా కోర్టు మనిషి, తెలిస్తే చాలదు, వినాలి. సాయంత్రం నేను రాసే కాగితంలో ఈమె పేరు ఉండాలా అని కోచమ్మను చూపించి అడిగాడు. వద్దంటే ఎవరి పేరుండాలో మీ నోటితో చెప్పండి, ఇంతమంది ముందు చెప్పండి అన్నాడు.

డ్రైవరు విప్పిన ఎడమ బూటును పక్కకు నెట్టాడు. వట్టి పాదాలు నేలకు ఆనించాడు. నేల చల్లగా ఉంది. అది తెలిసింది. చేతులు ఎక్కడా ఆనించకుండా లేచాడు. శాలువా జారి కుర్చీలో పడిపోయింది. అక్క అలవాటు కొద్దీ దాన్ని అందుకోబోయి, మధ్యలోనే చేయి ఆపేసింది.

ఆయన ఆమెనే చూస్తున్నాడు. ఆ చేతులు తనకు అన్నం కలిపి పెట్టినవి. నడక నేర్పినప్పుడు వేలు పట్టుకున్నవి. సూదులు ఇప్పుడు గుండెల దాకా వచ్చేశాయి. ఆయన వాటిని ఆపలేదు.

"మీ అమ్మగారి మీద ఎవరికీ కోపం లేదు బాబూ," అన్నాడు. "పడాల్సింది నేను. నన్ను మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోబెట్టడానికి రాసిన మైనం అది. మా కోడలికి పాపం ఏమీ తెలియదు, ఈ కోచమ్మకు అసలే తెలియదు."

ఊపిరి తీసుకున్నాడు.

"రాసింది మా అక్క."